మా బండిలో తరగని ఆయిల్

మా పెద్దమ్మ మంచాన పడిన ఏడాదే మా కారు ఆయిల్ తాగడం మానేసింది. ఈ రెండు సంగతులకూ సంబంధం ఉంటుందని అప్పుడు మాలో ఎవరికీ తోచలేదు.

నాన్నగారు తాడేపల్లిగూడెం శివారులో ఒక చిన్న సంఘానికి పాస్టరు. కారు ఆయన కొన్నది కాదు. ఏలూరులో ఒక విశ్వాసి కొత్త కారు కొనుక్కుని, పాతదాన్ని పరిచర్యకు వాడుకోమని ఇచ్చేశారు. ఒకప్పుడు ఆఫీసర్లందరూ తిరిగిన ఆ గుండ్రటి తెల్ల బండి, పెట్రోలుది. అప్పటికి ఆఫీసర్లు కూడా వాటిని వదిలేశారు. ఆదివారం మధ్యాహ్నాలు ఉంగుటూరు వైపు ఊళ్ళలో కూడికలకు నాన్నగారు దానిలోనే వెళ్ళేవారు. నొప్పులు వచ్చిన ఆడవాళ్ళను ఆసుపత్రికి చేర్చడానికీ, పెళ్ళికూతుళ్ళను గుడి దగ్గర దింపడానికీ, మైకు సెట్టు మొయ్యడానికీ అదే బండి.

దాని ఇంజను ఆయిల్ తాగేది. పొగ రూపంలో కొంతా, వాకిట్లో మరకల రూపంలో కొంతా పోయేది. శనివారం మధ్యాహ్నం ప్రసంగం సిద్ధం చేసుకున్నాక నాన్నగారు బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే పుల్లను బయటికి లాగి, పాత బనియను గుడ్డతో తుడిచి, మళ్ళీ లోపలికి దించి తీసి చూసేవారు. ఆ పుల్ల మీద రెండు గీతలుంటాయి. ఆయిల్ ఎప్పుడు చూసినా కింది గీతకు దిగువనే ఉండేది. డిక్కీలో ఎప్పుడూ ఒక డబ్బా సిద్ధంగా ఉండేది.

"మీ బండికి పోసే నూనెతో ఊరంతటికీ గారెలు వండొచ్చు. నాకేమో పప్పులో తాలింపుకి లేదు," అనేది అమ్మ గుమ్మంలో నిలబడి.

"తాలింపు లేకపోయినా పప్పు పప్పేనే. ఆయిల్ లేకపోతే బండి రాయి," అనేవారు నాన్నగారు.

పెద్దమ్మ అంటే అమ్మకి అక్క. అమ్మమ్మ తొందరగా పోతే అమ్మను పెంచింది ఆవిడే. తల దువ్వినదీ, బడికి పంపినదీ, నాన్నగారితో పెళ్ళి కుదిర్చి సాగనంపినదీ ఆవిడే. ఏలూరు దాటి కైకలూరు రోడ్డులో కొల్లేటి గట్టున ఉన్న ఊరు ఆవిడది. ఆ ఏడాది కొల్లేరును ఆక్రమించాయని చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టించేసింది. ఊరంతా ఏం చెయ్యాలో తోచక రోడ్డు మీద కూర్చున్నట్టు ఉండేది. ఆవిడ కొడుకు, మా అన్నయ్య, చెరువు మీద పని పోయి ఏలూరులో కూలికి వెళ్తుండేవాడు. ఆ దిగుల్లోనే ఆవిడకి ఉన్న షుగరు ముదిరి కిడ్నీల మీదికి వచ్చింది.

అక్కచెల్లెళ్ళిద్దరూ పాటగత్తెలు. పెద్దమ్మ ఎత్తుకుంటే అమ్మ కింది స్వరంలో అందుకునేది. ఆ చుట్టుపక్కల సంఘాల్లో పెళ్ళయినా, సమాధి కార్యక్రమమయినా ఇద్దరికీ కబురొచ్చేది. ఎవరూ వాళ్ళకి సంగీతం నేర్పలేదు. చిన్నప్పుడు నాట్లు వేస్తూ, గిన్నెలు తోముతూ ఇద్దరూ పాడుకున్నదే వాళ్ళ చదువు.

పెద్దమ్మ మంచాన పడ్డాక మేము చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆవిడ అమ్మ చెయ్యి పట్టుకుని ఒక మాట అడిగింది.

"చెల్లీ, నేను పోయేటప్పుడు నువ్వు పాడాలే."

"ఛ, ఏం మాటలక్కా అవి."

"ఏం మాటలేంటి, ఉన్న మాటలే. పోయాక కాదు, చెప్తున్నాను. పోయాక పాడేది చుట్టాల కోసం. నాకు వినపడాలి. ఈ లోకంలో నేను ఆఖరున వినేది నీ గొంతు కావాలి. తరవాత ఎలాగూ దేవదూతల పాటలే."

"వాళ్ళు నీకంటే బాగా పాడతారేమోనని భయమా?" అంది అమ్మ, ఏడుపు ఆపుకోవడానికి.

"వాళ్ళు శృతి తప్పితే మాత్రం చెప్పేస్తాను," అంది పెద్దమ్మ. ఇద్దరూ నవ్వారు. అమ్మ మాట ఇచ్చింది. విశ్వాసుల ఇళ్ళలో అటువంటి మాట ఒట్టు కంటే గట్టిది. ఒట్టు పెట్టుకోవద్దని మాకు బోధ. అందుకని అవునంటే అవుననే నిలబడాలి.

ఇంటికి వస్తుండగానే బండి మొదటిసారి మొరాయించింది. గూడెంలో రైలు వంతెన ఎక్కుతుంటే ఊపిరాడనట్టు తన్నుకుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ముందుకు లాగలేదు. వెనక బస్సువాడు హారన్ మోత మోగించాడు. వంతెన దిగాక మళ్ళీ మామూలుగానే నడిచింది.

నల్లజర్ల రోడ్డులో నాన్నగారికి ఎప్పుడూ పనిచేసే మెకానిక్ ఉండేవాడు. ఏటా కాలినడకన ద్వారకా తిరుమల వెళ్ళివచ్చే భక్తుడు. నాన్నగారంటే ఇష్టం. ఇద్దరూ ఒకరినొకరు ఆటపట్టించుకునేవారు.

"పాస్టరు గారూ, నేను కొండకి మొక్కుకుంటాను, మీరు ప్రార్థన చెయ్యండి. మీ బండి ఎవరి మాట వింటాదో చూద్దామండి," అన్నాడు బానెట్ ఎత్తుతూ.

"ముందు నీ చేతిమాట వింటుందేమో చూడవయ్యా."

"ఆయ్, అదీ నిజమేనండి."

ఇంజనుకు పెట్రోలు సరిగా అందడం లేదని అతను వెంటనే చెప్పాడు. అక్కడిదాకా సరిగ్గానే చెప్పాడు. కార్బొరేటర్ విప్పి, జెట్లు ఊది, ఫిల్టరు కడిగాడు. ఫిల్టరు కిందుండే గాజుగిన్నెలో అడుగున కాస్త మురికి కనపడింది. "బంకు మార్చండి. కల్తీ పెట్రోలండి ఇది," అన్నాడు. బండి కొన్నాళ్ళు బాగానే నడిచింది. బంకు మార్చాం. తప్పు బంకుదేనని అందరం నమ్మాం.

ఆ తరవాత వచ్చిన శనివారమే నాన్నగారు వాకిట్లోంచి నన్ను కేకేశారు. నేనప్పుడు గూడెంలోనే ఒక స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని. ఆదివారాలు సంఘంలో పిల్లలకు వాక్యం చెప్పేదాన్ని.

"అమ్మాయ్, ఇందులో ఆయిల్ నువ్వు పోశావా?"

"నేనెందుకు పోస్తాను నాన్నగారూ?"

పుల్ల నా ముందు పెట్టారు. ఆయిల్ పైగీత దాకా ఉంది. ఆయన మళ్ళీ తుడిచి, దించి, తీశారు. అంతే ఉంది. ఆ వారమంతా బండి తిరిగింది. చుక్క పోయలేదు.

మరుసటి శనివారానికి ఆయిల్ పైగీత దాటింది.

ఏ ఇంట్లోనైనా ఇలా జరిగితే ఏదో తేడా ఉందనుకుంటారు. మా ఇంట్లో మాత్రం అందరికీ ముందు తట్టింది ఒకటే. బైబిల్లో, కరువు రోజుల్లో ప్రవక్తకు ముందుగా రొట్టె చేసిపెట్టిన విధవరాలి ఇంట్లో బుడ్డిలో నూనె తరగలేదన్న భాగం మాకు చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చు. నేనే ఎన్నోసార్లు పిల్లలకు బొమ్మలు గీసి చెప్పాను. అందులోనూ ఆ రోజుల్లో పెద్దమ్మ కోసం సంఘం శుక్రవారం ఉపవాస ప్రార్థనలు చేస్తోంది. బండికి ఆయిల్ కొనలేక, వారం వారం కొల్లేటికి వెళ్ళలేక నాన్నగారు మథనపడుతున్నారు. అటువంటప్పుడు బండి తాగడం మానేసింది. జవాబు కాక మరేమిటది?

ఆదివారం ఆరాధనలో, దేవుడు తమకు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల సమయంలో నాన్నగారే లేచారు. మామూలుగా పాస్టరు సాక్ష్యం చెప్పరు, చెప్పిస్తారు. శనివారం శనివారం పుల్ల తీసి చూడడం, గీత పెరగడం, అన్నీ చెప్పారు. ముందు వరుసలో కూర్చునే ఒక ముసలమ్మ గారు ప్రతి మాటకీ "స్తోత్రం" అంటూ ఉంది. ఆరాధన అయ్యాక జనం బండి చుట్టూ మూగారు. కొందరు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. ఒకామె జ్వరంతో ఉన్న పసిబిడ్డను తెచ్చి ముందు సీటులో పడుకోబెట్టింది. నాన్నగారు వద్దనలేదు.

నేనూ ఆ రోజు కళ్ళు తుడుచుకున్నాను. ఆ కన్నీళ్ళు అబద్ధమని ఈనాటికీ అనను. మేము దేవుణ్ణి స్తుతించింది నిజంగానే స్తుతించాం.

అమ్మ మాత్రం బట్టలు ఉతికే మనిషి. ఆయిల్ తుడిచే బనియను గుడ్డను నీళ్ళలో వేస్తూ ముక్కు చిట్లించింది.

"ఏవండీ, ఈ గుడ్డ పెట్రోలు కంపు కొడుతోంది."

"పెట్రోలు బండి గుడ్డకి మల్లెపూల వాసనొస్తుందా?"

"ఇదివరకు రాలేదండి ఇలాగ."

"ఇదివరకు ఆయిల్ ఉంటేగా వాసన రావడానికి!" అని నవ్వేశారు.

మరికొన్ని రోజులకు బండిలో ఎర్ర లైటు మినుకుమనడం మొదలయింది. స్టీరింగు వెనక ఉండే ఆ లైటు, ఆయిల్ ఇంజనులోకి సరిగా ఎక్కకపోతే వెలుగుతుంది. బండి వేడెక్కి, రైలు గేటు దగ్గర ఆగి ఉన్నప్పుడు వెలిగేది. కదలగానే ఆరిపోయేది. ఆ లైటు వైరు అంతకుముందు ఒకసారి వదులై ఊరికే వెలిగిన మాట నిజం. నాన్నగారు వేలితో అద్దం మీద టక్కున కొట్టేవారు. కొన్నిసార్లు ఆరేది కూడా.

"మెకానిక్‌కి చూపించండి," అంది అమ్మ.

"ఆయిల్ నిండుగా ఉంటే ఆయిల్ లైటు ఎందుకు వెలుగుతుంది చెప్పు? వైరే అది."

"వైరయితే వైరే. చూపిస్తే పోయేదేముంది?"

అప్పుడు నాన్నగారు గొంతు తగ్గించారు. "సంఘమంతటి ముందూ సాక్ష్యం చెప్పానే. దేవుడు చూసుకుంటున్నాడని చెప్పి, వారం తిరక్కుండా బండిని మెకానిక్ ఎదుట నిలబెడితే కొత్త విశ్వాసులు ఏమనుకుంటారు? సాక్ష్యం చెప్పడం తేలిక. దానికి కట్టుబడి నడవడమే కష్టం."

పాస్టరు భార్యకు అక్కడితో మాట ఆగిపోతుంది.

అయినా వంతెన మీద తన్నుకోవడం ఎక్కువయ్యేసరికి, కార్బొరేటర్ వంక పెట్టుకుని ఆయన ఒకసారి షెడ్డుకు వెళ్ళారు. నేను స్కూలు నుంచి వస్తూ అక్కడే బండి ఎక్కాను. మెకానిక్ వేరే జీపు కింద పడుకుని ఉన్నాడు. కిందనుంచే అడిగాడు.

"ఆయిల్ ఎలాగుందండీ?"

"తగ్గడం లేదయ్యా. అసలు తగ్గడం లేదు."

"అయితే ఇంకేం, అదృష్టవంతులండి మీరు. ముసల్ది కదా, ఆయిల్ పొగైపోకుండా ఆపే రింగులు సర్దుకున్నాయేమో."

ఆ మాటతో నాన్నగారి ముఖం వెలిగింది. బయటివాడి నోట కూడా దేవుడు పలికించాడని దారంతా అంటూ వచ్చారు. పుల్ల తీసి ఆయిల్‌ను వేలికి రాసుకుని చూద్దామని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక పొద్దున్న అన్నయ్య ఫోన్ చేశాడు. ఏలూరు ఆసుపత్రిలో ఇక చేసేదేమీ లేదని పెద్దమ్మను ఇంటికి పంపేశారు.

"పిన్నిని తీసుకుని రండి బాబాయ్ గారూ. తెలివిగానే ఉంది. పిన్ని వచ్చిందా, పిన్ని వచ్చిందా అని అడుగుతోంది. ఎంతోసేపు ఉండేలా లేదండి."

అమ్మ అప్పటికే పొయ్యి ఆర్పేసి, చీర మార్చుకుని, సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో ఉంది.

"బస్సెక్కేద్దామండీ. తొమ్మిదింటి బస్సు ఏలూరు వెళ్తుంది, అక్కణ్ణుంచి కైకలూరు బస్సు దొరుకుతుంది."

"ఏలూరు బస్టాండులో గంట కూర్చోవాలి. మన బండిలో తిన్నగా గుమ్మం ముందు దిగుతావు."

"నాకు బండి మీద నమ్మకం లేదండీ."

"నాకు బండి మీద కాదే నమ్మకం," అన్నారు నాన్నగారు.

అమ్మ సంచీతో వెళ్ళి బండెక్కింది. నేనూ ఎక్కాను.

బండి చాలాసేపు స్టార్టు కాలేదు. ఎగ్జాస్టు లోంచి నల్లటి పొగా పెట్రోలు వాసనా వచ్చాయి. అది అందుకునేసరికి తొమ్మిదింటి బస్సు వెళ్ళిపోయి ఉంటుంది. ఉంగుటూరు దాటాం. హైవే మీద బండి మెల్లగా నడిస్తే బాగానే ఉంది, వేగం పెంచితే తన్నుకుంటోంది. మెల్లగానే వెళ్ళాం. లారీలు మమ్మల్ని దాటుకుంటూ పోయాయి. అమ్మ వెనక సీట్లో కళ్ళు మూసుకుని లోగొంతుతో కీర్తన నెమరువేసుకుంటోంది. మూడో చరణం ఎప్పుడూ పెద్దమ్మే అందించేది. అది మరిచిపోతానని భయం.

ఏలూరు దాటి దక్షిణానికి తిరిగాక ఎర్ర లైటు ఆరడం మానేసింది. నాన్నగారు అద్దం మీద కొట్టారు. మళ్ళీ కొట్టారు. ఇంజనులోంచి సుత్తితో రేకు మీద కొట్టినట్టు ఒక చప్పుడు మొదలయింది. ఆయన పెదవులు కదులుతున్నాయి, ప్రార్థిస్తున్నారు. చప్పుడు పెరిగింది. అమ్మ గొంతు కూడా చప్పుడు మించి వినపడాలన్నట్టు పెరిగింది. కొల్లేటి నీళ్ళు రోడ్డుకు రెండుపక్కలా కనపడే చోట బండి ఒక్క కుదుపుతో బిగుసుకుపోయి ఆగింది. పాట కూడా ఆగింది.

నాన్నగారు దిగి బానెట్ ఎత్తారు. పుల్ల లాగారు. తుడవనైనా లేదు. పైగీతకు ఎంతో పైదాకా ఆయిల్ తడిసి ఉంది, దాని చివరనుంచి నీళ్ళలాగా ధారగా కారింది.

"నిండుగా ఉంది," అన్నారు. నా వైపు తిరిగి, నేను నమ్మడం లేదేమోనన్నట్టు, "నిండుగానే ఉందమ్మా!" అన్నారు.

ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఫోనుకు సిగ్నలు లేదు. గట్లు తెగిన చెరువుల్లో నీళ్ళూ, బురదా, దూరంగా కొంగలూ తప్ప మనిషి అలికిడి లేదు. అమ్మ సంచీతో రోడ్డు మధ్య నిలబడింది. చివరికి ఐసు పెట్టెలు వేసుకుని కైకలూరు వైపు వెళ్తున్న చేపల వ్యాను ఒకటి ఆగింది.

"ఏమైందండీ బండికి?" అన్నాడు డ్రైవరు.

"పట్టేసినట్టుంది బాబూ," అన్నారు నాన్నగారు.

"ఆయిల్ అయిపోయిందాండీ?"

"లేదు, నిండా ఉంది."

"నిండా ఉంటే ఎందుకు పట్టేస్తాదండీ?"

నాన్నగారు వెళ్ళి వ్యాను తలుపు తీశారు. క్యాబిన్‌లో ఇద్దరికే చోటుంది. "మీరు వెళ్ళండి, నేను ఎలాగోలా వస్తాను," అన్నారు. అమ్మ ఎక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు. నేను అద్దంలోంచి చూశాను. ఆయన ఆ పుల్లను చేత్తో పట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు.

వ్యాను ఊళ్ళోకి తిరగ్గానే పాట వినపడింది. పెద్దమ్మ ఇంటివైపు నుంచే. ప్రార్థనలో పాడే పాటకీ, మనిషి దాటిపోయాక పాడే పాటకీ తేడా మాకు తెలుసు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

అన్నయ్య ఎదురొచ్చాడు. "ఇందాకే పిన్నీ. ఇంకా వెచ్చగానే ఉంది. పొద్దుట్నుంచీ గుమ్మం వైపే చూసింది. మేం పాడతామంటే వద్దంది. చెల్లి వస్తాది, ఆగండి అంది."

అమ్మ వెళ్ళి మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఆడవాళ్ళు పాట ఆపి చోటిచ్చారు. "పాస్టరమ్మ గారూ, మీరు ఎత్తుకోండమ్మా," అంది ఎవరో.

"వినే మనిషి లేదు కదమ్మా," అంది అమ్మ. ఆ రోజు గానీ, మర్నాడు సమాధి దగ్గర గానీ ఆమె పాడలేదు. నాన్నగారు ఎవరి మోటారుసైకిలు మీదో ఆ మధ్యాహ్నమే చేరుకుని, మర్నాడు సమాధి ప్రార్థన తానే చేశారు. ఆయన ప్రార్థిస్తుంటే అమ్మ తల వంచుకునే ఉంది గాని, చివర అందరం ఆమేన్ అన్నప్పుడు ఆమె గొంతు వినపడలేదు.

మేము తిరుగుప్రయాణం అవుతుంటే అమ్మ, "నేను కొన్నాళ్ళు ఇక్కడుంటాను," అంది. నాన్నగారు సరేనన్నారు.

మెకానిక్ ట్రాక్టరు కట్టించి బండిని షెడ్డుకు తెప్పించాడు. నాన్నగారి వెంట నేనూ వెళ్ళాను. అతను ఆయిల్‌ను వేళ్ళ మధ్య రాసి ముక్కు దగ్గర పెట్టుకోగానే కళ్ళు మూసుకున్నాడు. తరవాత ఇంజను పక్కనుండే పెట్రోలు పంపు విప్పి, లోపలి రబ్బరు పొర తీసి చూపించాడు. అది అంచున చిరిగి ఉంది.

"చూడండి పాస్టరు గారూ. ఈ పొర ఆడితేనే ట్యాంకులోంచి పెట్రోలు లాగి కార్బొరేటరుకి తోస్తాది. చిరిగింది కాబట్టి పైకి సరిగా తొయ్యలేదు, బండి తన్నుకుంది. ఆ చిరుగులోంచే పెట్రోలు కిందికి కారి ఆయిల్లో కలిసింది. ఆయిల్ పలచనైపోతే ప్రెషరు నిలబడదండి. లైటు వెలిగింది అందుకే. బేరింగులు ఎండిపోయి పట్టేసింది."

"అయితే ఆయిల్ పెరగలేదు."

"పెరిగింది పెట్రోలండి." అతను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "ఒకటే జబ్బు రెండుచోట్ల కనపడింది. నేను ఒకచోటే చూశాను. ఆయిల్ తగ్గట్లేదని మీరు చెప్పినప్పుడు లేచి పుల్ల వాసన చూసుంటే సరిపోయేది."

"నేను ఏడుస్తూ చెప్పుంటే నువ్వు లేచేవాడివి. నవ్వుతూ చెప్పాను," అన్నారు నాన్నగారు.

ఆ రాత్రంతా నేను వాక్యంలో ఆ భాగాన్నే మనసులో తిప్పుకున్నాను. ఆ విధవరాలు రోజూ నూనె వంచి, పిండిలో కలిపి, కాల్చి, బిడ్డకు పెట్టి తాను తిన్నది. అది నూనో కాదో ఆమె నోటికి తెలుసు. మేము గీత చూసి మాత్రమే సంతోషించాం. ఆత్మలు దేవునివో కావో పరీక్షించి చూడమని మాకు బోధించిన వాక్యమే మేము పట్టించుకోలేదు. దేవుడు మమ్మల్ని విడిచిపెట్టాడని నేను అనుకోలేదు. లైటు వెలిగించి చూపించాడు, అమ్మ ముక్కుకు వాసన తెలియజేశాడు. మేము సూచన కోసం వెతుకుతూ హెచ్చరికను తోసేశాం.

సాక్ష్యం వెనక్కి తీసుకుంటానని నాన్నగారు సంఘ పెద్దలతో చెబితే వాళ్ళు ఒప్పుకోలేదు.

"ఎందుకండీ పాస్టరు గారూ? బలహీనులు తొట్రుపడతారు. బండి పాడైంది, అంతే కదా. ఆయిల్ సంగతి ఎవరడిగారు?"

"అడిగిన మనిషి మా ఇంట్లో ఉందయ్యా," అన్నారు నాన్నగారు. "ఇప్పుడు లేదు."

ఆదివారం సాక్ష్యాల వేళ ఆయన లేచి, మెకానిక్ చెప్పింది చెప్పినట్టు చెప్పారు. పంపు, రబ్బరు పొర, పెట్రోలు, పలచబడిన ఆయిల్. పిల్లలకు పాఠం చెప్పినట్టు వివరించారు. దేవుడు చేయని పనికి దేవుని పేరు పెట్టానన్నారు. దాని మూలాన నా భార్య తన అక్కకిచ్చిన మాట పోయిందన్నారు. ముందు వరుసలో ముసలమ్మ గారు అలవాటు కొద్దీ "స్తోత్రం" అనేసి, నాలిక కరుచుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరూ నవ్వలేదు. జ్వరం బిడ్డ తల్లి లేచి బయటికి వెళ్ళిపోయింది. ఆ తరవాత ఆమె మా సంఘానికి రాలేదు.

ఆ మర్నాడు సెలవు పెట్టి నేను బస్సులో కొల్లేటికి వెళ్ళాను. అమ్మ పెద్దమ్మ వాకిట్లో కూర్చుని పెద్దమ్మ చీరలు మడతపెడుతోంది. పంచిపెట్టడానికి. నేను గుడిలో జరిగింది చెప్పాను.

"అందరి ముందూనా?"

"అందరి ముందే."

"కాగితం మీద రాసుకుని చదివారా?"

"లేదమ్మా. ఊరికే చెప్పారు. అక్కకి నువ్విచ్చిన మాట తన మూలాన పోయిందన్నారు."

అమ్మ చేతిలో చీర అలాగే ఉండిపోయింది. పెద్దమ్మ పోయాక ఆమె ఏడవగా నేను చూడలేదు. అప్పుడు ఏడ్చింది. చాలాసేపు, చిన్నపిల్లలా, అక్కా అక్కా అంటూ. నేను వీపు నిమురుతూ కూర్చున్నాను. ఏడుపు తగ్గాక, "శనివారం వస్తానని చెప్పు. ఆయన్ని రావద్దను. బస్సులోనే వస్తాను," అంది.

రావద్దన్నా నాన్నగారు గూడెం బస్టాండులో మధ్యాహ్నం నుంచే నిలబడ్డారు. నేనూ ఉన్నాను. వచ్చిన ప్రతి ఏలూరు బస్సు దగ్గరికీ వెళ్ళి కిటికీల్లోకి చూసి వెనక్కి వచ్చేవారు. చివరికి ఒక బస్సులోంచి అమ్మ దిగింది. బాగా చిక్కింది. ఆయన ఎదురువెళ్ళి ఆమె భుజాన ఉన్న సంచీ అందుకోబోయారు. అమ్మ ఇవ్వలేదు.

"నేను మోసుకోగలనండీ," అంది.

ఆటో వెనక సీట్లో మాత్రం ఆయన పక్కనే కూర్చుంది.